మార్కండేయులు గారి చెంచా

1998 ఆగస్టు 17వ తేదీన, రాజమహేంద్రవరం శివారులోని మన విమానభాగాల కర్మాగారంలో ప్రాసెస్ ఇంజనీరుగా బాధ్యతలు స్వీకరించిన శ్రీ పేరూరి మార్కండేయులు గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. విమానం తలుపులకు వాడే అల్యూమినియం రేకులను జిగురుతో అతికించే విభాగం వారి చేతుల మీదుగానే ఆరంభమైంది. ఏ పని తరువాత ఏ పని జరగాలో, ఎంత వేడిలో ఎంతసేపు ఉంచాలో నిర్ణయించినవారు వారే. గాలిలో తేమ ఆ జిగురుకు బద్ధశత్రువు కనుక, వర్షాకాలంలో వారి ముఖాన నవ్వు చూసినవారు మాలో లేరు.

శుభ్రపరచిన రేకు మీద నీళ్లు పోస్తే ఒకే పొరగా పరుచుకోవాలి. ఎక్కడ విడిపోతే అక్కడ జిడ్డున్నట్టే, అతుకు నిలవదు. చేరిన మరుసటి వేసవిలో రేకులన్నీ వరుసగా ఈ పరీక్షలో తప్పాయి. పనిచేసే ఆడపిల్లల కొబ్బరినూనె జడలను అనుమానించి, అందరికీ చీవాట్లు పెట్టి, చివరికి మార్కండేయులు గారు పట్టుకున్న దోషి తమ కుడిచెయ్యే. పొద్దున్నే కొత్తావకాయన్నం తిని, కడిగినా నూనె వదలని ఆ వేళ్లతోనే చేతితొడుగులు లాగి తొడుక్కుని రేకులు ముట్టుకునేవారు. "తప్పు నాదేనమ్మా, మిమ్మల్ని ఊరికే తిట్టాను" అని అందరి ముందూ ఒప్పుకున్నారు. ఆనాటి నుంచి వారు చెంచాతోనే తింటున్నారు. కోనసీమవాడు ఆవకాయను చెంచాతో తినడమేమిటని బంధువులు పెళ్లిపందిళ్లలో ఎంత ఆటపట్టించినా మానలేదు.

విభాగాధిపతి అయ్యాక వారికి మిగిలిన కోరిక ఒక్కటే: ఈ పనిని తమ శిష్యురాలు ఆశాజ్యోతికి అప్పగించి వెళ్లడం. నిరుడు ఆ తలుపుల ఆర్డరు మరో దేశానికి తరలిపోయింది. ఉద్యోగం పోయిన ఆశాజ్యోతి ఇప్పుడు తణుకులో బట్టలకొట్లో చీరలు మడతపెడుతోంది. పోయిన వారం విభాగానికి తాళం పడింది. గది తాళంచెవులు చేతపట్టుకుని మార్కండేయులు గారు ఆఫీసుకు వెళితే, సిబ్బంది వ్యవహారాలు చూసే చంద్రరావు గారు తలెత్తకుండానే, "టేబుల్ మీద పెట్టేయండి సార్" అన్నారు. వారు పెట్టలేక చాలాసేపు అలాగే నిలబడ్డారు. ఇలాంటి అభినందన సంచికలో రాయదగిన మాట కాదు గానీ, ఆ దృశ్యం చూసినవాళ్లకు ఏడుపొచ్చింది.

నిన్న వీడ్కోలు సభ ఆహ్వానపత్రం ఇవ్వడానికి మేం వారింటికి వెళ్లేసరికి భోజనవేళ. వారి సతీమణి హైమవతి గారు ఆవకాయ వడ్డిస్తూ, "ఇంకా ఆ చెంచా ఎందుకండీ? ఇవాళైనా చేత్తో కలుపుకోండి" అంటున్నారు.

"ఉండవే. ఫ్యాక్టరీ నుంచి ఫోనొస్తే వెళ్లాలి కదా" అన్నారాయన.

మేం ఆహ్వానపత్రం ఇచ్చి వచ్చేశాం. నిజం చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

పుణ్యదంపతులకు భగవంతుడు నిండు ఆరోగ్యాన్ని, నూరేళ్ల ఆయుష్షును ప్రసాదించుగాక. మార్కండేయులు గారూ, ఫోను రాదండీ. చేత్తో తినండి.