గడప దాకా ర్యాంపు

(పుదుచ్చేరి, 2007. హోటలుగా మారిన పాత ఫ్రెంచి ఇంటి వాకిలి. చక్రాల కుర్చీలో జయంతి. కుర్చీని వెనక నుంచి తోస్తున్నది యజమాని నరేంద్రన్.)

"ఆపండన్నా, ఆపండి! తోయొద్దు. ముందర చక్రం తగులుకునింది."

"దేనికి తగులుతాది జయంతీ? ర్యాంపు ఎంత బాగా వేయించినాను! జారకుండా గీతలు గూడా..."

"ర్యాంపు బాగుండాది. అది అయిపోయినాక ఏముండాదో చూడండి."

"ఏముండాది? గడప."

"జానెడు ఎత్తు గడప!"

"గడప లేని ఇల్లుంటాదా?"

"చక్రం ఎట్ల దాటతాది?"

"అందుకే గదా మనుషుల్ని పెట్టినాను. మునుసామీ! అయ్యాసామీ! ఇట్ల రండప్పా, అమ్మను ఎత్తండి..."

"చెయ్యి వేయొద్దనండి! వేయొద్దు!"

"సరి, సరి. పోండప్పా మీరు. ఏందమ్మా అంత కోపం? పూవు మాదిరి ఎత్తుతారు."

"ఛీ! నిన్న ఇంకో హోటల్లో ఎత్తినారన్నా పూవు మాదిరి. ఒకాయన చంకలో చెయ్యి పెట్టినాడు, ఇంకొకాయన తొడ కింద. చీర యాడికి పోయిందో ఎవురికీ పట్టలేదు. వరండాలో కాఫీ తాగేవాళ్లంతా చూస్తా ఉండారు. ఇంటికి పోయి తల మీద నీళ్లు పోసుకున్నా ఆ రోత పోలేదు."

"మావాళ్లు అట్లాటోళ్లు కాదు."

"ఎట్లాటోళ్లైనా నన్ను మూట మాదిరి మోయకూడదు. వచ్చే వారం చెన్నై నుంచి బస్సు నిండా జనం వస్తా ఉండారు, అందరూ నా మాదిరి కుర్చీల్లోనే. మీ బోర్డు చూసినాకే, ఈడనే బస అని వాళ్లకు మాటిచ్చినాను. 'చక్రాల కుర్చీలకు స్వాగతం' అంట!"

"అబద్ధమా అది? టూరిజం ఆఫీసరే వచ్చి, చూసి, భేష్ అని పోయినాడు."

"ఆయన కాళ్లతో దాటి పోయినాడు. గడప కోయించండి, అంతే."

"అయ్యయ్యో! ఏం మాటమ్మా! దినమూ పసుపు పూసి, కుంకుమ పెట్టే గడప. లక్ష్మి ఉండే చోటు. దాని మీద కాలు గూడా పెట్టము."

"నేనూ పెట్టనులేన్నా."

"ఎగతాళి చేయొద్దు. నాదేముండాది, నేను ఇవన్నీ పట్టించుకోను. మా అమ్మ ఒప్పుకోదు. గడప మీద రంపం పెడితే నా ప్రాణం పోతాది అనింది. కన్నతల్లి మాట ఎట్ల కాదంటాను, చెప్పు?"

"లీలత్త అట్ల అనిందా? నేనే అడుగుతాను. పిలవండి."

"వద్దు వద్దు. ముందర గదిలో పడుకోనుండాది. ఒళ్లు బాగలేదు."

"లీలత్తా! ఓ లీలత్తా! నేను, నటేశన్ నగర్ రంగరాజన్ కూతుర్ని!"

"అరవొద్దమ్మా, లోపల గెస్టులుండారు!"

"అదో, కిటికీ తీసింది. అత్తా, బాగుండావా?"

"అమ్మా, నువ్వు పోయి పడుకో. ఏం లేదు. గడప కోయొద్దన్నావు గదా, అదే చెప్తా ఉండాను..."

"నేనా? నేను యాడ అన్నానురా? తుంటి విరిగి నేనూ కుర్చీలో పడినప్పటి నుంచి కోయించు, కోయించు అని నోరు నొప్పి పుట్టేటట్ల చెప్తా ఉండాను గదా!"

"అమ్మా..."

"ఫారినోళ్లు పసుపు గడపను ఫోటో తీస్తారు, హోటలుకు అదే అందం అంటివి. వీరాంపట్టినం అమ్మోరి తేరు చూస్తానంటే, ఆ ఇద్దరినీ పిలిచి ఎత్తమంటివి. మగోళ్ల చేతులు మీద పడేదానికి రోతపడి, తేరే వద్దనుకుంటిని."

"అత్తా... నాకు తెలీదే."

"ఎట్ల తెలుస్తాది? జయంతీ, ఈ గడప కోసేదాకా ఆణ్ణి వదలొద్దు తల్లీ. నువ్వు లోపలికి వచ్చే దినమే నేను బయటికి వచ్చేది."