ఊరుకోని ప్రోగ్రాం

బడి ఆఫీసు గది. కంప్యూటరు ముందు మరిది, పక్క కుర్చీలో లెక్కల టీచరైన వదిన. పాత మార్కుల ప్రోగ్రాం మధ్యాహ్నం గంటకల్లా దారికి రాకపోతే తీసేయిస్తానని హెడ్మాస్టరు గారు ఇప్పుడే చెప్పి వెళ్లారు.

"మళ్లీ హోరు మొదలెట్టింది చూడు వదినా, లోపలి ఫ్యాను. ఒక్క మార్కు వెయ్యలేదు, ఒక్క మీట నొక్కలేదు. దీనికింత ఆయాసమెందుకు?"

"నువ్వు చెబుతావనే కదా పిలిపించాను."

"మీట నొక్కారా, నొక్కారా అని అడుగుతూ కూర్చుంది. క్షణానికి కొన్ని లక్షలసార్లు. ప్రాసెసరు టైమంతా దానికే. పక్కన హాజరు ప్రోగ్రాం పాపం గుమ్మంలో నిలబడింది."

"మీ అన్నయ్య దీన్ని రాసేనాటికి ఒకసారికి ఒకే ప్రోగ్రాం నడిచేది. మిషనంతా దానిదే. సర్దుకోవడానికి పక్కన ఎవరున్నారు?"

"ఎవరున్నా సర్దుకునేవాడు కాదులే. టీవీ రిమోటు ఒళ్లో పెట్టుకుని కునికేవాడు. మెల్లగా తీస్తే 'చూస్తున్నా' అనేవాడు."

"నీకు మ్యాచ్ పెట్టేవారుగా."

"అయిపోయాక."

"పెట్టారా లేదా?"

"ఇంకా వెనకేసుకురా. కొత్తది వేయిస్తామంటున్నారుగా వదినా. అన్నయ్య పోయి ఏడాదయింది. ఇది ఇంకోసారి మొరాయిస్తే..."

"ఇదే ఉండాలి."

"ఎందుకని?"

"ర్యాంకులు బాగా తీస్తుంది. నీ పని నువ్వు చూడు."

"చూశా. చిన్న ముక్క ఒకటి తగిలించాను. మీట నొక్కారా అని అడుగుతుంది, లేదంటే కాసేపు కునుకు తీస్తుంది, ఆ టైము పక్కవాళ్లకి వదిలేస్తుంది. విన్నావా, ఫ్యాను ఆగింది. హాజరు కూడా తెరుచుకుంది. హెడ్మాస్టరు గారిని పిలవనా?"

"ఉండు. ముందు పదో తరగతి ర్యాంకులు తియ్యి."

"ఎంతసేపు. ఇదిగో... ఇదేంటి, పదిమందికే ఇంతసేపా?"

"మామూలుగా తరగతంతా రెప్పపాటులో తేలుస్తుంది. నువ్వు పని మధ్యలో నిద్రపుచ్చుతున్నావు దాన్ని."

"పనిలో ఉన్నది మీట కోసం ఎందుకు చూస్తుంది?"

"ఒక్కొక్కరి లెక్క అయ్యాక ఓసారి తలెత్తి చూస్తుంది, నేను ఆపమంటానేమోనని. అలా రాయమన్నది నేనే."

"అన్నయ్య నీ మాట విన్నాడా? ఈ సంగతి ఇన్నాళ్లూ దాచావా?"

"వాగింది చాలు."

"సరే, మరి పనిలో ఉందో ఖాళీగా ఉందో నాకెలా తెలుస్తుంది? రెండు చోట్లా అదే ప్రశ్న అడుగుతోంది."

"పనిలో ఉంటే ఒకసారి అడిగి మళ్లీ లెక్కలో పడుతుంది. ఖాళీగా ఉంటే ఊపిరాడకుండా అడుగుతుంది. వరసగా ఎన్నిసార్లు అడిగిందో లెక్కపెట్టుకో. చాలాసార్లయితేనే నిద్రపుచ్చు."

"వదినా, నువ్వు నా ఉద్యోగానికి వెళ్లు, నేను నీ ఎనిమిదో తరగతి చూసుకుంటా."

"ఒక్క పీరియడు ఉండలేవు."

"అదీ నిజమే. ఇదిగో, అయింది. ర్యాంకులు వచ్చేశాయి. ఫ్యాను చప్పుడు లేదు. హాజరు నడుస్తోంది. ఇక దీన్నెవరూ తీసెయ్యరు. అదేంటి, సంతోషించవేం?"

"వరసగా ఎన్నిసార్లు అడిగాక ఊరుకోమన్నావు?"

"యాభై. ఎక్కువంటావా? జవాబు లేకపోతే రెండుసార్లు చాలదూ?"

"వద్దు. యాభై ఉండనీ."

"రెండైతే ఏమవుతుంది వదినా?"

"ఆ రోజు మీ అన్నయ్య పక్క గదిలోంచి రెండుసార్లే పిలిచారు. మూడోసారి పిలిస్తే వెళదామని, చేతిలో ఉన్న పరీక్ష పేపరు దిద్దుతూ కూర్చున్నాను."