ఎదురెదురు పేజీలు

ఏంటే, పొద్దుట్నుంచీ ఆ కంప్యూటర్లో ఒకటే బొమ్మని అటు జరుపుతావు, ఇటు జరుపుతావు? కాలేజీ పత్రికా? ఓహో. కుదరట్లేదా? కుదరదులే తల్లీ, అంత తొందరగా ఎక్కడ కుదురుతుంది. నిన్ను చూస్తే మా అత్తయ్యే గుర్తొస్తోంది. మీ తాతయ్య వాళ్ళమ్మ. నువ్వు చూళ్ళేదు, మీ నాన్న నిక్కరేసుకు తిరిగే రోజుల్లోనే పోయింది. ఆవిడా ఇంతే, పెదవి కొరుక్కుంటూ ఇలాగే కూర్చునేది. కాకపోతే ఆవిడకి కంప్యూటర్ ఎక్కడిది? కత్తెర, జిగురు, స్కేలు. మంచాల మీద కాయితాలు, కుర్చీల మీద కాయితాలు, ఆఖరికి వంటింట్లో కుండ మూత మీద కూడా ఓ కాయితం ఆరబెట్టి ఉండేది.

ఆవిడ ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. మామయ్య పోయాక పిల్లల్ని ఆ పని మీదే పెంచింది. తప్పు కనిపెట్టడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. నేను కాపురానికొచ్చిన కొత్తలో డబ్బాల మీద చీటీలు రాసి అంటిస్తే, సాయంత్రానికల్లా 'మిరియాలు'లో దీర్ఘం ఎర్ర సిరాతో దిద్ది ఉంది! నాకు ఏడుపొకటే తక్కువ. ఈ ఇంట్లో నోరెత్తితే మాటలు కూడా దిద్దుతుందేమోనని సగం సైగలతోనే బతికాను కొన్నాళ్ళు. నవ్వకు, నిజం. ఆఁ, ఏమంటున్నానూ... ప్రెస్సు. అక్కడ పేజీలు కట్టే ఆయన ఒకడుండేవాడు, ఏ బొమ్మ ఎక్కడ, ఏ అక్షరాలు ఎక్కడ అని అమర్చే మనిషి. ఆయన ఉన్నట్టుండి వేరే ప్రెస్సుకి వెళ్ళిపోయాడు. సరిగ్గా అప్పుడే ఓ గ్యాలరీ ఆయన పనొకటి పట్టుకొచ్చాడు. చిత్రకారుల ప్రదర్శనకి క్యాటలాగు, అంటే బొమ్మల పుస్తకం. ఓనరు మా అత్తయ్యని పిలిచి, "అక్షరాలు దిద్దేదానివి, బొమ్మలు దిద్దలేవా అమ్మా? ఇది గనక చెడిందంటే ఆ గ్యాలరీ మళ్ళీ మన గుమ్మం తొక్కదు" అన్నాడట. ఆవిడ సరేనంది. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే కూర్చుండిపోయింది. "తప్పు ఎలా ఉంటుందో నాకు తెలుసే అమ్మాయ్, ఒప్పు ఎలా ఉంటుందో తెలీదు" అంది. ఆవిడ నాతో మనసు విప్పి మాట్లాడిన మొదటి మాట అదే.

ఇంతకీ ఆ చిత్రకారులెవరనుకున్నావు? సొంత అక్కాచెల్లెళ్ళు. ఇద్దరికీ మంచి పేరుంది, కానీ ఇద్దరూ ఉప్పూ నిప్పూ. పెద్దావిడ వేరే ఊళ్ళో ఉద్యోగం, చిన్నావిడ తల్లి దగ్గరే ఉండి చూసుకుంది. తల్లి ఆఖరి రోజుల్లో పెద్దావిడ రాలేదుట. అంతే, ఇక మాటల్లేవు. గ్యాలరీ ఆయన ఏం మంత్రం వేశాడో గానీ ఒకే ప్రదర్శనకి ఇద్దర్నీ ఒప్పించాడు. షరతు ఏంటంటే, పుస్తకంలో ముందు సగం అక్కది, వెనక సగం చెల్లెలిది. ఒకరి బొమ్మ పక్కన ఒకరిది పడకూడదు. మధ్యలో గోడ కట్టినట్టన్నమాట.

మా అత్తయ్య మొదటిసారి కట్టిన పేజీలు చూడాలి నువ్వు! ప్రతి బొమ్మ చుట్టూ పూల అంచు. శుభలేఖలే కదా ఆవిడ చూసినవి. పెద్దావిడ చూసి, "నా బొమ్మకి చీర అంచు వేశారేంటండీ?" అందిట. సరే, అంచులు పీకేసింది. రెండోసారి ఎవరికీ అన్యాయం జరక్కూడదని అన్నీ ఒకే కొలతలో పెట్టింది. "గుర్తింపు కార్డు ఫొటోల్లా ఉన్నాయి, ఇక నంబర్లు వెయ్యండి" అని ఈసారి చిన్నావిడ. మూడోసారి పెద్ద బొమ్మనొకదాన్ని రెండు పేజీల మీదా పరిచింది. పుస్తకంలా మడిచి చూస్తే బొమ్మలో మనిషి మొహం సరిగ్గా మడతలోకి పోయింది. ముక్కు లేదు! తలప్రాణం తోకకొచ్చిందనుకో ఆవిడకి.

అప్పుడు ఓ సాయంత్రం నన్ను పిలిచింది. ముందుగది నేలంతా బొమ్మల ఫొటోలు పరిచి ఉన్నాయి. "ఇక్కడ నిలబడు. ఆలోచించకు. ముందు నీ కన్ను ఎక్కడికెళ్ళింది?" అంది. నాకు భయం, తప్పు చెప్తే దిద్దుతుందని. ఎరుపు గిన్నె మీదికెళ్ళిందన్నాను. "తర్వాత?" తర్వాత పక్క బొమ్మలో తలుపు. "ఎందుకని?" ఏమో అత్తయ్యా, గిన్నె అంచు అటే చూపిస్తోంది. ఆవిడ నన్నలా చూసి, గబుక్కున ఆ రెంటి మధ్యనున్న మూడో బొమ్మ తీసి అవతల పెట్టింది. ఆ చోటు ఖాళీగా వదిలేసింది. అబ్బ, ఎంత బావుందో! "ఖాళీ అంటే వృథా అనుకున్నానే ఇన్నాళ్ళూ. అది ఊపిరి తీసుకునే చోటు" అంది. ఆ రోజు నుంచీ మేమిద్దరం రోజూ అదే పని. వంట మాడింది, మీ తాతయ్య సణిగాడు, ఎవరికి పట్టింది?

ఆ ఫొటోల్లోనే కనిపించాయి ఆ రెండూ. ఒకటి అక్క గీసింది. గుమ్మంలోంచి చూస్తే, కిటికీ దగ్గర కుర్చీలో ఒకావిడ కూర్చుని ఉంటుంది, వీపు ఇటు. ఇంకోటి చెల్లెలు గీసింది. పెరట్లోంచి చూస్తే అదే కిటికీ, అదే ఆవిడ, మొహం ఇటు. అదే నీలం చీర. వాళ్ళమ్మ. ఇద్దరూ ఒకరికి తెలీకుండా ఒకరు గీశారు. అత్తయ్య ఎంతసేపు చూసిందో. గోడ అటొకటీ ఇటొకటీ పెడితే చచ్చిపోతాయే ఇవి, అంది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు అత్తయ్యా, ఒప్పుకోరు వాళ్ళు" అన్నాను. వింటేనా! పుస్తకం నడిమధ్య, ఎదురెదురు పేజీల్లో ఆ రెండూ అతికించేసింది. చుట్టూ బోలెడు తెలుపు, ఇంకేం లేదు.

మర్నాడు పొద్దున పెద్దావిడ ప్రెస్సుకొచ్చింది. చిన్నావిడకి మధ్యాహ్నం రమ్మని చెప్పారు, ఎదురుపడకుండా. పెద్దావిడ పేజీలు తిప్పుతూ తిప్పుతూ అక్కడ ఆగింది. మొహం జేవురించింది. "దాని వైపు మొహం, నా వైపు వీపు. ఇదేగా మీరు అచ్చేసి ఊరందరికీ పంచేది? నా బొమ్మలన్నీ ఇచ్చెయ్యండి, నేను లేను ఇందులో." ఓనరు బతిమాలాడు, గ్యాలరీ ఆయన పరిగెత్తుకొచ్చాడు. ఆవిడ కదలదు, వదలదు. మధ్యాహ్నమైంది. మా అత్తయ్య చూపంతా ఆ పేజీల మీదే ఉంది. ఎడమన మొహం పెట్టింది, కుడిన వీపు. మనం చదివేది ఎడమ నుంచి కుడికి కదా! ముందు మొహం, తర్వాత వీపు చూస్తే ఆ తల్లి మొహం తిప్పుకున్నట్టే ఉంటుంది. మరి తప్పు పెద్దావిడ కోపానిది కాదు, తనదే. జిగురింకా గట్టిగా పట్టలేదు. మెల్లిగా రెండూ ఊడదీసి అటుదిటు, ఇటుదటు పెట్టింది. ముందు వీపు, తర్వాత మొహం. పిలిస్తే అమ్మ ఇటు తిరిగినట్టు.

పెద్దావిడ చూసింది. "బావుంది. కానీ అబద్ధం. అమ్మ పోయే ముందు ఓ రోజు నేను సెలవు పెట్టి వచ్చాను. బస్సు ఆ రోజు వీధి వైపు దింపితే వీధిగుమ్మంలోంచి లోపలికెళ్ళి, అమ్మా అని పిలిచాను. మళ్ళీ పిలిచాను. తిరగలేదు. అంత కోపం నా మీద. సంచి కింద పెట్టకుండానే వచ్చిన దారినే వెళ్ళిపోయాను."

"ఎలా తిరుగుతుంది? వినపడితేగా."

గుమ్మంలో చిన్నావిడ. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. "అప్పటికే చెవులు పోయాయి అమ్మకి. అక్కకి చెప్పకే, ఉద్యోగం మానుకుని వచ్చేస్తుంది అని ఒట్టేయించుకుంది. ఆ రోజు నేను పెరట్లో కూర్చుని గీస్తున్నాను. నన్ను చూస్తోందనుకున్నావా? నా వెనక సందు మలుపు చూస్తోంది, నువ్వెప్పుడూ వచ్చే దారి అదేగా. నువ్వు వస్తానని రాశావని పొద్దుట్నుంచీ ఆ కుర్చీ దిగలేదు. చీకటి పడ్డాక కూడా దిగనంది."

ఇక చూస్కో. కావలించుకుని ఏడుస్తారనుకున్నాడు ఓనరు. అబ్బే! "నాకెందుకు చెప్పలేదే?" అని ఈవిడ, "నువ్వడిగావా?" అని ఆవిడ, "ఒట్టేయిస్తే మాత్రం పోయాకైనా చెప్పద్దూ!" "పోయాక వచ్చావా చెప్పడానికి?" ప్రెస్సు ఎగిరిపోయిందిట అరుపులతో. గ్యాలరీ ఆయన మధ్యలో దూరి, "అమ్మా, పేజీలు ఖాయమేనా మరి?" అంటే ఇద్దరూ కలిసి "ఉండవయ్యా నువ్వు!" అని కసిరారు. అలా తిట్టుకుంటూ తిట్టుకుంటూనే ఒకే బల్ల దగ్గర కూర్చుని పుస్తకం మొత్తం మళ్ళీ తిరగేశారు. నడిమి గోడ పోయింది. ఎవరి బొమ్మ పక్కన ఎవరిది ఉండాలో మా అత్తయ్యకే వదిలేశారు.

ఆ తర్వాత ఆవిడ ఎన్ని పుస్తకాలు కట్టిందో లెక్కే లేదు. కానీ అచ్చుకెళ్ళే ముందు రోజు జరిగింది ఒకటి చెప్పాలి. ప్రూఫు చూడమని పంపితే, పెద్దావిడ తన బొమ్మ కింద పేరు కొట్టేసింది. 'పలకని మనిషి' అని ఉండేది. కొట్టేసి, పైన 'కిటికీ దగ్గర అమ్మ' అని రాసింది. చెల్లెలి బొమ్మ పేరూ అదే. ఓనరు చూసి, "ఇదేంటమ్మా, ఎదురెదురు పేజీల్లో ఒకటే పేరు రెండుసార్లు పడింది, తప్పు కదూ? దిద్దు" అన్నాడట. పొరపాటున కామా పడితే రాత్రి నిద్రపోని మనిషి మా అత్తయ్య. ఎర్ర కలం మూత పెట్టేసి, "ఉంచండి" అంది.

ఉంచండి అంది, అంతే...

ఆఁ? ఏం లేదులే. ఆ ఫ్యాను కాస్త తగ్గించు, కాయితాలెగిరిపోతున్నాయి.