మీ తాతయ్య వెనక్కి తగ్గిన పూట

‘బ్యాక్ డౌన్’ అంటే ఏటర్రా? సెప్పండి చూద్దాం. ఫోన్లో వెతక్కండి, నాకేసి చూడండి.

పట్టుబట్టి ఒక మాట అనేసి, ఇక లాభం లేదని ఆ మాట మీంచి వెనక్కి తగ్గడం. ఓడిపోవడం వేరు, ఇది వేరు. ఇందులో మనిషి తనంతట తనే తగ్గాలి, అదీ నలుగురి ముందూ. అందుకే కష్టం. వాక్యంలో పెట్టి చెప్పమంటారా? ‘తాతయ్య బ్యాక్ డౌన్ అయ్యారు.’ నవ్వకండి, నిజంగానే అయ్యారు.

మా పెళ్ళి ఈ నర్సీపట్నంలోనే, మా నాన్నగారింట్లో జరిగింది. మర్నాడు అలకపాన్పు. అంటే, కొత్తల్లుడు మంచమ్మీద అలిగి కూర్చుంటాడు. అత్తవారు ఏదో ఒకటి ఇస్తామని బతిమాలాలి, ఆయన లేవాలి. ఉత్త సరదా. అందరూ ఉంగరమో, వాచీయో అడుగుతారు. ఈయనేమో వాళ్ళ బావగారి మాట విని టేబులు ఫ్యాను అడిగారు. ఆ రోజుల్లో ఫ్యానంటే రెండొందలో ఎంతో... కాదులే, అది మా చెల్లి పెళ్ళినాటి ధర. ఎంతైనా మా నాన్నగారిలాంటి బడిపంతులుకి ఎక్కువే.

మా నాన్నగారు కళ్ళజోడు సర్దుకుని, “బాబూ, మీ ఊరికి కరెంటొచ్చిందా?” అనడిగారు.

వీళ్ళది రావికమతం అవతల పల్లె. చెరుకు తోటలే గానీ కరెంటు స్తంభం ఒక్కటీ లేదు.

“రాలేదండి. వస్తాది కదండి,” అన్నారీయన.

పందిరంతా ఒకటే నవ్వు. ఆ నవ్వుతోనే వచ్చింది చిక్కు. ఈయనకి మొహం ఎర్రబడిపోయి, ఫ్యాను వస్తేగానీ లేవనన్నారు. మా నాన్నగారిదీ అలాంటి పట్టే కదా, అయితే కూర్చోండి బాబూ అనేసి వడ్డనకి వెళ్ళిపోయారు.

ఒక పంక్తి లేచింది, రెండోదీ లేచింది. లేవందే ఈయన తినకూడదు. అటు మా అత్తగారు కళ్ళొత్తుకుంటున్నారు, వాళ్ళ పెద్దలు గొణుగుతున్నారు. ఒక్క ఫ్యాను కోసం మావగారూ అల్లుడూ జన్మంతా మాటల్లేకుండా ఉండిపోతారేమోనని నా భయం. కొత్త పెళ్ళికూతురు అలా వెళ్ళకూడదు గానీ, మరేటి చెయ్యను, నేనే వెళ్ళాను.

“ఏవండీ, మీరు తినందే నేను తినకూడదట. నాకు కళ్ళు తిరుగుతున్నాయి,” అన్నాను.

ఆయన అటూ ఇటూ చూశారు. అందరికీ వినపడేలా, “ఆడపిల్ల ఆకలితో ఉంటే ఫ్యానేటి నాకు?” అని లేచి తిన్నగా విస్తరి ముందుకెళ్ళి కూర్చున్నారు. పప్పు నాలుగుసార్లు వేయించుకున్నారు. మా నాన్నగారు తనే వచ్చి నెయ్యి పోస్తున్నారు, పోస్తున్నారు, ఈయన “చాలండి మావయ్యగారూ” అనేదాకా.

ఇప్పటికీ ఈయనేమంటారంటే, తను తగ్గలేదట, నా మీద జాలిపడ్డారట. సరే, అలాగే అననిద్దాం. తగ్గేవాళ్ళకి ఒక వంక దొరకాలి కదా.

అసలు సంగతి సెప్పనా? దగ్గరకి రండి. మా మేనత్త అప్పటికే నన్ను పెరట్లోకి పిలిచి పులిహోరా, నాలుగు బూరెలూ తినిపించేసింది. మళ్ళీ ఈయన పక్కన కూర్చుని విస్తరంతా ఖాళీ చేశాను. నిజంగా కళ్ళు తిరిగాయి అప్పుడు.

ఇన్నేళ్ళూ ఆయనకి తెలీదు. మీరూ అనకండి. నేను బేగి వెళ్ళాలి, మేడమీద వడియాలు సగమే పెట్టాను, గిన్నెలో పిండి బిగిసిపోతాది.