చీమ

నందిగామ. హైదరాబాద్ ఆస్పత్రి నుంచి కోడలు సంయుక్త అప్పుడే పాపతో ఇంటికొచ్చింది. ఎదురుగా అత్తగారు ప్రసూనాంబ.

“మందేదే అంటే పంచదార చూపిస్తావేంటే?”

“ఇదే మందత్తయ్యా. పంచదారలాంటిదే, ఇంకో రకం. పాపకి పాలల్లో కలిపి పట్టాలి.”

“జగ్గయ్యపేట డాక్టరు లివరన్నాడుగా?”

“లివరు దాకా వచ్చింది. అసలు సంగతి వేరే. ఒంట్లో ప్రొటీన్లకి చక్కెర అతుక్కోవాలట. దీనికి సరిగ్గా అతుక్కోదు. ఈ జబ్బులో చాలా రకాలకి మందే లేదన్నారు. దీనికుంది.”

“బతుకుతుందా?”

“బతుకుతుందన్నారు.”

“నా తల్లే! పరిటాల హనుమంతుడికి వడమాల వేయిస్తా. మరి నీ మొహమేంటే అలా ఉంది? అబ్బాయి సారథేడీ?”

“బయట కార్లోనే కూర్చున్నారు. రమ్మంటే రారు.”

“ఎందుకూ? అసలెక్కణ్ణుంచొచ్చిందే ఈ మాయదారి జబ్బు?”

“ఆయన దగ్గర్నుంచి సగం, నా దగ్గర్నుంచి సగం. మేనరికమా అని అడిగారు.”

“అన్నయ్య కూతురివని నేనే కదే తెచ్చుకున్నా.”

“ఎవరికి తెలుసత్తయ్యా? నీళ్ళు వెచ్చబెడతా ఉండండి.”

“ఆగు. దీని అన్న, మన వేదవ్యాస్‌కీ...”

“పాప లేస్తుంది, మెల్లగా.”

“వాడికీ ఇవే వాంతులు, ఇవే విరేచనాలు. వాడికీ ఇదేనా?”

“పాలసీసా ఎక్కడ పెట్టారు?”

“సంయుక్తా!”

“ఇదే అయ్యుంటుందన్నారు.”

“ఈ పంచదారతో వాడూ...”

“అప్పుడు ఎవరికీ తెలీదుగా.”

“పాలు పడలేదనుకున్నానే. నీ పాలల్లో చీమని వేసి చూశా. చచ్చింది. ఈ పాలు మంచివి కావు, పట్టొద్దన్నా. వాడు ఏడుస్తుంటే, నువ్వు పెరట్లో పాలు పిండి పారబోసేదానివి.”

“పట్టినా నిలిచేవాడు కాదత్తయ్యా.”

“నీ పాలు తాగుతూనన్నా పోయేవాడు కదే!”

“ఊరుకోండి. పాపని చూడండి.”

“ఆ పాడు చీమ చావకుండా ఉంటే...”

“చస్తుందత్తయ్యా. మీరు వాడికి పట్టిన డబ్బాపాలల్లోనూ ఓ చీమని వేసి చూశా, వాణ్ణి మునేరు ఒడ్డున పూడ్చిపెట్టొచ్చిన మర్నాడు. అదీ చచ్చింది.”