ఈడ్నే ఉండాడు

తిరుపతి, కొర్లగుంట. మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. వాకిట్లో పైపుల కంపెనీ కారు. లోపల ఇంటావిడ లోకేశ్వరి. ఎదురుగా రెండు అట్టపెట్టెలతో, మద్రాసు హెడ్డాఫీసు నుంచి వచ్చిన భానుశ్రీ.

“లేదక్కా, షీల్డు మీ ఆయన చేతికే ఇయ్యాల. మీకిచ్చిపోతే మా వాళ్లు ఒప్పుకోరు.”

“ఏం పాపా, నా చెయ్యి మాసిపోయుండాదా?”

“అయ్యో, అట్లా కాదక్కా! ఫోటో తియ్యాల. నడుమ గోవిందు గారు, చేతిలో షీల్డు, పక్కన మీరు. అందరూ నవ్వతా ఉండాల. మా మేడం రాసి పంపించింది.”

“నవ్వాలని రాసి పంపించిందా?”

“పళ్లు కనపడేటట్టు అని కూడా రాసింది.”

“మంచిదే. ముందే చెప్తే తయారుగా ఉంటాము. ఆ పెద్ద పెట్టెలో ఏముండాది?”

“కుక్కరక్కా. అయిదు లీటర్లది.”

“అయిదు లీటర్లా! అందులో వండితే పక్కింటోళ్లను కూడా కూసోబెట్టాల. సోలెడు బియ్యం పోస్తే నాకు రెండు దినాలొస్తా ఉండాది.”

“పిల్లలు లేరాక్కా?”

“ఒకటే బిడ్డ, పవిత్ర. చిత్తూర్లో నర్సింగు చదవతా ఉండాది. హాస్టల్లో.”

“మరి గోవిందు గారు ఎప్పుడొస్తారు?”

“మజ్జిగ తాగతావా?”

“తాగతానక్కా. ఆయన దగ్గర్లోనే ఉండారా?”

“ఉప్పెక్కువైతే చెప్పు. ఇంతకీ ఆయన ఏం సాధించినాడని ఈ షీల్డు?”

“మీకు చెప్పలేదా? మా కంపెనీకి ఫోన్లో ఆప్ ఉండాది కదా, ‘మన మాట’ అని. పనిచేసే వాళ్లు కష్టం సుఖం అందులో రాయాల, మేము వినాల. పైనోళ్లకీ కిందోళ్లకీ నడుమ మాట నడవాలని పెట్టినాము. నాలుగు ప్లాంట్లు, ఆరువేల మంది. ఈ ఏడాది అందరికన్నా ఎక్కువ రాసింది మీ ఆయనే! ఒక్క దినం నాగా లేదు. రెండు నూర్ల ముప్పై ఒకటి.”

“ఈ పొద్దుది లెక్కేసినారా?”

“లేదక్కా, నిన్నటి దాకానే.”

“అయితే ముప్పై రెండు.”

“చూసినారా, మీకే లెక్క తెలుసు! మా మేడం అంటాది, ఇట్లాంటి వాళ్లు పదిమంది ఉంటే కంపెనీ బాగుపడిపోతాదని.”

“ఏం రాసినాడంట?”

“అంటే... చదవడం నా పని కాదక్కా. మాకు లెక్కొస్తాది. ఎంతమంది రాసినారు, ఎన్ని రాసినారు అని. దాన్ని బొమ్మ గీసి పైకి పంపిస్తాము. గీత పైకి పోతే అందరూ కలిసిమెలిసి ఉండారని అర్థం.”

“చదివేదెవురు?”

“రాసిన వెంటనే జవాబు పోతాదక్కా. ‘మీ మాట విన్నాం. చాలా సంతోషం’ అని.”

“అది ఎవురు పంపిస్తారు?”

“అదే పంపించుకుంటాది.”

“చదవకుండానే సంతోషమా?”

“మజ్జిగ బాగుండాదక్కా. అల్లం దంచేసినారు కదా?”

“కరేపాకు కూడా ఉండాది. అది గూడా కనుక్కో.”

“అక్కా, శనివారం నాయుడుపేట ప్లాంట్లో మీటింగు. మా పెద్దాయన వస్తా ఉండాడు. గోవిందు గారిని స్టేజీ ఎక్కించి రెండు ముక్కలు మాట్లాడమంటారు. దానికి ముందు ఈ ఫోటో కావాల. ఆయనకొక ఫోను కొట్టండి, పుణ్యముంటాది.”

“ఆయన లేడు పాపా.”

“అదే, యాడికి పోయినారని. ఆప్‌లో చూస్తే ఇదిగో, పచ్చచుక్క. ‘గోవిందు ఈడ్నే ఉండాడు’ అని రాసుండాది.”

“ఉంటాది. పొద్దన్నే ఆరుకి నేనే తెరిచిపెట్టినా.”

“మీరా? ఫోను మీ దగ్గర పెట్టి పోయినారా?”

“పెట్టి పోయినాడు. మార్చి నెల్లో.”

“మార్చి... అక్కా?”

“పద్నాలుగో తేదీ. గుండె. గ్లాసు సరిగ్గా పట్టుకో పాపా, బట్టల మీద పోసుకుంటా ఉండావు.”

“పోయినారా? ఆయన... అక్కా, మాకెవురూ చెప్పలేదు! దేవుడి మీద ఒట్టు, నాకు తెలీదు!”

“తెలీదులే. నువ్వు ‘మన మాట’లో ఉండావు కదా, నీకెట్లా తెలస్తాది.”

“కాంట్రాక్టరు కింద ఉండేవారా?”

“పదకొండేండ్లు. పని కంపెనీది, పేరు చెంగయ్య పుస్తకంలో. చెంగయ్య గేటు కాడ చెప్పినాడు. గేటు వాళ్లు వాళ్ల పుస్తకంలో రాసుకున్నారు. మాట ఆడికి వచ్చి కూసున్నాది. గేటు నుంచి మద్రాసు దాకా నడిచి రావాలంటే ఎనిమిది నెలలు యాడ చాలతాయి.”

“గోడకు ఫోటో అయినా లేదే అక్కా. చూసుంటే నేను ఈ పెట్టెలు ఎత్తుకొని, నవ్వాలని... ఛీ.”

“ఫోటో బీరువాలో ఉండాది. గోడకు పెడితే దండెయ్యాల. దండేస్తే వచ్చినోళ్లంతా దాని పక్కే చూస్తా కాఫీ తాగతారు. నువ్వు చూడు, ఎంత బాగా మాట్లాడితివి వచ్చినప్పటి నుంచి.”

“అంటే... ఆ రెండు నూర్ల ముప్పై ఒకటీ మీరే రాసినారా?”

“నేనే. ఆయనకు రాసే అలవాటు యాడిది! సరుకుల చీటీ కూడా నోటితో చెప్పేవాడు. ‘ఎదురుగా మనిషుంటే ఫోనుకెందుకే చెప్పాల’ అనేవాడు. మీ ఆప్ తెరిచేది కూడా మీరు బలవంతం పెట్టినారనే.”

“షిఫ్టు ఉన్నంతసేపూ తెరిచే పెట్టాలని రూలక్కా. ఎవురు పనిలో ఉండారో తెలియాలని. మీరు ఏం రాసినారక్కా అన్ని?”

“చదవడం నీ పని కాదంటివే.”

“గ్లాసు ఈడ పెట్టేస్తానక్కా.”

“పోనీలే, తాగు. మజ్జిగకేం పాపం.”

“అక్కా, తెలిసి తెలిసి దినామూ ఎందుకు తెరవతా ఉండారు? మీకింకా కష్టం కాదా?”

“ఈ ఊర్లో ఆ పేరు వినకుండా పదడుగులు పోలేను పాపా. కొండకు పోయే బస్సు మలుపు తిరిగితే గోవిందా. వీధిలో గుంపు నడిచిపోతే గోవిందా. ఊరు ఊరంతా ఆయన్నే పిలుస్తారు, ఒక్కరికీ పలకడు. నీ ఆప్ ఒకటే పిలవదు, ఉండాడంటాది. ఈడ్నే ఉండాడంటాది. మా అత్త ఉండుంటే అట్లనే చెప్పుండేది. ఎవురు రాసినారో గానీ మనోళ్లే రాసినట్టుండాది.”

“నేనేనక్కా.”

“ఏంది?”

“ఆ మాటలు రాసింది నేను. మాది కార్వేటినగరం. ముందు ఆప్‌లో ఆన్‌లైన్, ఆఫ్‌లైన్ అని ఉండె. ఎవురూ పట్టించుకొనేవాళ్లు కాదు. మా అవ్వ మాట్లాడినట్టు పెడితే మనవాళ్లు దగ్గరైతారని మీటింగులో నేనే చెప్పినా. ఆన్‌లైన్ తీసేసి ‘ఈడ్నే ఉండాడు’. ఆఫ్‌లైన్ తీసేసి ‘ఇంటికి పోయినాడు’. నెలలో తెరిచే వాళ్లు మూడింతలైనారు. నాకు ప్రమోషను...”

“వచ్చిందా?”

“వచ్చిందక్కా.”

“రావాల్సిందే. నీ మాట అందరూ నమ్మినారు.”

“మీరు అట్లా అంటే...”

“ఇంకొంచెం పోస్తా ఉండు.”

“వద్దక్కా. కూసోండి. ఒకటి చెప్తా, కోప్పడొద్దండి. ఈ పేరు ఇంక ఉంచలేను. శనివారం స్టేజీ మీద పిలిచి, ఆయన లేడని అప్పుడు తెలిస్తే నా ఉద్యోగం నిలబడదు. మా ఇంట్లో నా జీతమే. ఈ పొద్దే తీసెయ్యాల.”

“తీసేస్తే ఏమైతాది?”

“పచ్చచుక్క పోతాది. అంతే.”

“చుక్క పోతే పక్కన మాట?”

“మామూలేనక్కా. ‘గోవిందు ఇంటికి పోయినాడు’ అని వస్తాది. ఒక దినం అట్లా ఉండి, ఆ తర్వాత పేరే ఉండదు.”

“పేరు తీసెయ్. ఆ మాట వెయ్యొద్దు.”

“అది దానంతటదే వస్తాదక్కా. అందరికీ వచ్చేదే.”

“వద్దు పాపా.”

“చెడ్డ మాటేం కాదు కదక్కా. వినడానికి చల్లగా ఉంటాదనే పెట్టినా. పని అయిపోయింది, మనిషి ఇంటికి పోయినాడు అని...”

“నీకు ఫోటో కావాల్నా? ఆ షీల్డు నేను పట్టుకుంటా. పళ్లన్నీ కనపడేటట్టు నవ్వతా. కుక్కరు ఒళ్లో పెట్టుకొని నవ్వతా. ఆ ఒక్క మాట మాత్రం వెయ్యొద్దు.”

“అక్కా, మీరు ఏడస్తా ఉండారు. ఆ మాట ఏం చేసింది?”

“ఆయనది పొద్దుటి షిఫ్టు. రెండుకి వదిలితే కంపెనీ బస్సు మూడున్నరకు ఈ సందు మొగదల్లో దింపతాది. ఆ దినం బస్సు వచ్చింది, మనిషి దిగలేదు. డ్రైవర్ని అడిగితిని. ‘సీటు ఖాళీగా ఉంటే ఫోన్లో చూసినామక్కా, ఇంటికి పోయినాడని ఉండె. ముందే పోయినాడనుకొని బయలుదేరినాము’ అన్నాడు.”

“అయ్యో...”

“సూపర్‌వైజరు మునికృష్ణకు ఫోను కొడితిని. ఆయనా చూసినాడు. ‘ఇంటికి పోయినాడమ్మా, ఈడ రాసుండాది’ అన్నాడు. నాలుగున్నరకు మళ్లీ కొడితిని. అయిదుకి కొడితిని. ‘ఎన్నిసార్లు చెప్పాలమ్మా, ఇంటికి పోయినాడు’ అన్నాడు. ఆయన తప్పేముండాది, చూసింది చెప్పినాడు. నేనూ డిగ్రీ చదివిన దాన్నే, నేనూ నమ్మినా. కూర వేడి చేసి, మూత పెట్టి, సందు మొగదల్లో నిలబడుకుంటి. ఇంటికి పోయినాడంటే ఈడికే కదా రావాల? ఆయనకు ఇంకో ఇల్లు లేదు కదా?”

“ఆయన యాడ ఉండె అక్కా?”

“ప్లాంట్లోనే. ఎనకపక్క యార్డులో, పైపుల కట్టల నీడన. ఎదలో నొప్పొచ్చి కూసున్నట్టుండాడు. ఫోను చేతిలోనే ఉండిందంట. పొద్దుటి నుంచి మీ ఆప్ తెరిచి పెడితే ఛార్జింగు యాడ నిలస్తాది? ఆరిపోయుండె.”

“ఫోను ఆరిపోయినా... అదే మాట వస్తాదక్కా.”

“వస్తాదా?”

“దానికి తేడా తెలీదు. ఇంటికి పోయినా అదే, ఆరిపోయినా అదే. నేను... నేనది ఆలోచించలేదు.”

“పొద్దుగూకే ముందర రెండో షిఫ్టు వాళ్లు కట్టలెత్తబోయి చూసినారు. ప్రాణం పోయి గంట కూడా కాలేదన్నాడు డాక్టరు. గంట, పాపా. నేను మూడుసార్లు ఫోను కొట్టినప్పుడూ ఈడ్నే ఉండాడు. ఒక్కరి ఫోన్లోనూ ఆ మాట రాలేదు.”

“అక్కా, నా చెయ్యి పట్టుకోండి. లేకుంటే కొట్టండి. ఏదో ఒకటి చెయ్యండి.”

“కొట్టి ఏం చేస్తా. మా పవిత్ర ఈడు ఉంటావు.”

“నేను చెప్తా. మేడానికి చెప్తా, పెద్దాయనకే చెప్తా, ఉద్యోగం పోతే పోనీ. ఆ మాట మార్పిస్తా. కానీ అక్కా, ఎనిమిది నెలలు మీరెందుకు ఊరకుండినారు? ఆఫీసుకు ఒక్క ముక్క చెప్పుంటే ఎవురో ఒకరం పరిగెత్తి వచ్చేవాళ్లం కదా!”

“చెప్పినానే.”

“ఎవురికి చెప్పినారు? చెంగయ్యకా?”

“నీకే. కర్మలైన మర్నాటి నుంచి, దినామూ పొద్దన్నే ఆరుకి. ఆయన పేరుతోనే, నీ ‘మన మాట’లోనే. ఇదిగో ఆయన ఫోను, తెరిచి చూడు.”

“‘ఇంకా ఇంటికి రాలేదు.’ ... ‘ఇంకా ఇంటికి రాలేదు.’ ... ‘ఇంకా ఇంటికి రాలేదు.’ ... అక్కా, అన్నీ ఇదేనా?”

“అన్నీ అదే. కింద మీ జవాబు కూడా చదువు పాపా. ప్రతిదానికీ చాలా సంతోషమనే ఉండాది. నువ్వు షీల్డు తెచ్చింది దానికే.”