రంపం పండ్ల సందులో వేలు

మా ఊరి హైస్కూల్లో వడ్రంగం నేర్పించే కరీం సాబ్ ఆ వారంతో పని చాలిస్తుండె. సోమవారం నుంచి ఆయన చోటికి ఈరన్న పోవాల. ఆ సాయంత్రం సాబ్ ఇంటి అరుగు మీద ఈరన్న, బడి బంట్రోతు సుంకప్ప, పక్కింటిదాన్ని నేను, చాయి తాగుతా కూర్చున్నాం. సాబ్ మొదలుపెట్టినాడు.

"ఆ కరెంటు రంపం మిషను లారీలోనుంచి దిగినపొద్దు దాని దగ్గరికి పోయినోడు లేడప్పా. హెడ్మాస్టరే గోడ చాటుకు పాయె. నేనొక్కన్నే పోయి స్విచ్చి వేసినా."

"అంతవరకు నిజమే," అన్నాడు సుంకప్ప. "నేనూ గోడ చాటునే ఉంటి."

"ఇను మరి. చెయ్యి పండ్ల దగ్గరికి పోకుండా, పలకను తోసేదానికి ఒక కట్టె ఇచ్చిరి. అది పిల్లోళ్లకు, నాకెందుకని మూలకు ఇసిరేసి, వట్టి చేత్తోనే టేకు మొద్దు తోస్తే, చాయి చల్లారేలోగా బడికంతా బెంచీలు తయారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కోసిన పొట్టు లేసి మబ్బు మాదిరి గార్లదిన్నె ఊరి మీదికి పాయె. మూడేండ్లు చినుకు చూడని జనం, వానొచ్చెనని శెనిక్కాయ విత్తనం ఎత్తుకొని చేన్లకు ఉరికిరి."

"విత్తినారా సాబూ?" అని అడిగినా నేను.

"విత్తిరక్కా. మొలిచె కూడా. కాయలే రోంత గట్టి, టేకు మాదిరి. ఇంకోసారి కరెంటు పాయె. నిలిస్తే నేనేమంటానో అని భయపడి రంపం మాపటిదాకా తిరిగె. దాని మీద ఈగ వాలె. పాపం తెగిపోతుందని, తిరిగే పండ్ల సందులో వేలు పెట్టి ఈగను పక్కకు తోస్తి. ఈగకు రెక్క చెదర్లే, నాకు గోరు చెదర్లే."

సుంకప్ప నవ్వినాడు. ఈరన్న నవ్వలే. గ్లాసు కింద పెట్టి తన చేతులు చూసుకున్నాడు.

"అయితే సాబూ, సోమవారం నేనూ కట్టె పారేస్తా. నీ చోట్లో నిలబడి కట్టె పట్టుకుంటే పిల్లోళ్లు నగరా?"

 

అప్పుడు సాబ్ భార్య మస్తానాబీ లోపల్నుంచి ఒక మూరెడు కట్టె తెచ్చి ఈరన్న ఒళ్లో పెట్టింది.

"మూలకు ఇసిరేసిన కట్టె ఇదే నాయనా. బడి సెలవుల్లో గూడా ఇంటికి తెచ్చి తలకాడ పెట్టుకుంటాడు. కొనన గాట్లు లెక్కబెట్టు."

ఈరన్న వేలితో తడిమినాడు. "ఏడు."

"ఏడు దఫాలు రంపం ఈయన చేతి కోసమొచ్చి, దీన్ని కొరికి పోయింది."

సాబ్ ఆ కట్టె అందుకొని కొన తిప్పి చూసినాడు.

"కొన అరిగిపోయింది ఈరన్నా, దాంతో తోయొద్దు. పొద్దున్నే రా, నీ చేతికి సరిపోయేది చెక్కి ఇస్తా."

"మరి ఈగ?" అన్నాడు సుంకప్ప.

"ఈగ నిజమే," అన్నాడు సాబ్, మెల్లగా. "తోసింది ఆ కట్టెతోనే."